పాత ఇటాలియన్ పుస్తకంలో ముద్రాపకుడి గుర్తు పోల్చుకోవడం ఎలా?

వారానికి ఒకరైనా ముద్రాపకుడి గుర్తు, అంటే పుస్తకం వేసినవాళ్లు తమదని చెప్పుకోవడానికి అందులో పెట్టుకునే బొమ్మ, ఫోటో తీసి పంపుతారు. నల్లటి చతురస్రం, లోపల తెల్లగీతల్లో ఒక వృత్తం, దాని నెత్తిన రెండు అడ్డగీతల శిలువ. కింద ఒకే ప్రశ్న: "ఇది ఎవరి ప్రెస్సండీ?" ఆ ఒక్క ఫోటో చూసి చెప్పగలిగేది దాదాపు ఏమీ ఉండదు. ఎందుకంటే 1480ల నుంచి వెనిస్‌లో చాలామంది ఆ వృత్తాన్నీ శిలువనే కొద్దికొద్దిగా మార్చి వాడుకున్నారు. అడిగినవాళ్లందరికీ విడివిడిగా రాయడం కన్నా నేను చేసే పద్ధతి ఒకచోట పెట్టడం మేలనిపించింది.

ఇది ఇటలీలో అచ్చు మొదలైన నాటి నుంచి 1600 దాకా వచ్చిన పుస్తకాలకు మాత్రమే. రోమ్ దగ్గరి సుబియాకో మఠంలో స్వైన్‌హైమ్, పన్నార్ట్స్ అనే ఇద్దరు 1465లో పుస్తకాలు అచ్చువేశారు. వెనిస్‌కు అచ్చు 1469లో వచ్చింది. తర్వాత ముప్ఫై ఏళ్లలో యూరప్‌లో ఆ వ్యాపారానికి వెనిస్సే పెద్ద బజారైంది. మీకు ఎదురయ్యే గుర్తుల్లో ఎక్కువ భాగం ఆ ఊరివే.

కావలసినవి

అసలు పుస్తకం చేతిలో ఉంటే: భూతద్దం, మిల్లీమీటర్లు ఉన్న పారదర్శక స్కేలు, పెన్సిలు, నోట్‌బుక్కు. పెన్ను దగ్గర పెట్టుకోకండి. బొమ్మ మీద ట్రేసింగ్ పేపర్ పెట్టి గీయకండి, ఒత్తిడికి పాత కాగితం మీద గాడి పడుతుంది. స్కేలును కూడా కాగితానికి రాపిడి తగలకుండా పక్కన పెట్టి కొలవండి.

స్కాన్ మాత్రమే ఉంటే: పుస్తకం మొత్తం స్కాన్ కావాలి, ఒక్క పేజీ చాలదు. మన దగ్గర చాలామంది ఈ పుస్తకాలను కంప్యూటర్ తెర మీదే చూస్తారు కాబట్టి అలా చూసేవాళ్లకు కావలసినవి కూడా ఎక్కడికక్కడ చెబుతాను.

లాటిన్ రాకపోయినా ఫర్వాలేదు. పదిహేను మాటలు పోల్చుకోగలిగితే పని నడుస్తుంది.

1. గుర్తును వదిలి ముందు చివరి పేజీకి వెళ్లండి

అందరూ చేసే మొదటి తప్పు బొమ్మతో మొదలుపెట్టడం. 1500కి ముందు పుస్తకాల్లో చాలావాటికి మనం అనుకునే ముఖపత్రం ఉండదు. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అచ్చువేశారన్నది చివర్లో ఒకటి రెండు వాక్యాల్లో ఉంటుంది. దాన్ని కొలొఫన్ అంటారు. మన పాత కావ్యాల్లో ఆశ్వాసం చివర కవి పేరు, తండ్రి పేరు చెప్పే గద్య ఉంటుంది చూడండి, ఇంచుమించు అలాంటిదే. కాకపోతే ఇక్కడ కవికి బదులు అచ్చువేసినవాడు తన పేరు చెప్పుకుంటాడు.

కొలొఫన్ దగ్గరే ‘రెజిస్ట్రుం’ అన్న శీర్షికతో ఎ, బి, సి అక్షరాల పట్టిక కూడా తరచుగా కనిపిస్తుంది. అది బైండింగ్ చేసేవాడి కోసం, ఏ కాగితం కట్ట తర్వాత ఏ కట్ట వస్తుందో చెప్పడానికి. గుర్తు చాలాసార్లు ఈ రెండింటి కిందే ఉంటుంది. 1490ల నుంచి అది మెల్లగా ముఖపత్రం మీదికి వచ్చింది. 16వ శతాబ్దంలో రెండు చోట్లా ఉన్న పుస్తకాలు బోలెడు. రెండూ ఒకే బొమ్మ కాకపోవచ్చు కూడా, రెండింటినీ విడివిడిగా నోట్ చేయండి.

చివరి పేజీ ఖాళీగా ఉంటే ఒకటి రెండు పేజీలు వెనక్కి తిప్పండి. సూచిక ముందు కొలొఫన్ పెట్టి, సూచికను వేరే కట్టగా చివర చేర్చిన పుస్తకాలూ ఉన్నాయి.

2. అది నిజంగా ముద్రాపకుడి గుర్తేనా?

నాకు వచ్చే ఫోటోల్లో కొన్ని అసలు ఈ కోవలోకే రావు. ఎక్కువగా పొరబడేవి ఇవి:

మొదటి పేజీ అడుగున అలంకారపు అంచులో ఉండే డాలు. దాన్ని ఖాళీగా వదిలేవారు, కొన్నవాడు తన వంశచిహ్నం రంగులతో వేయించుకునేవాడు. అది యజమానిది.

కాగితాన్ని వెలుతురుకు పెడితే లోపల కనిపించే లంగరు, ఎద్దుతల, తక్కెడ. అవి వాటర్‌మార్కులు, కాగితం తయారుచేసినవాడివి. లంగరు వాటర్‌మార్కు చూసి, లంగరు గుర్తుతో ప్రసిద్ధుడైన వెనిస్ ముద్రాపకుడు ఆల్డస్‌ది అని ఉబ్బిపోయినవాళ్లు ఉన్నారు.

సాధువు బొమ్మ. ఇది కొంచెం ఇబ్బందే. పుస్తకం ఆ సాధువు గురించైతే అది కేవలం చిత్రం. కానీ వెనిస్‌లో నికొలో జొప్పీనో తన పేరున్న సెయింట్ నికొలస్ బొమ్మనే గుర్తుగా వాడుకున్నాడు. పుస్తకం విషయంతో సంబంధం లేని సాధువు ముఖపత్రం మీద కూర్చుంటే అనుమానించండి.

3. కొలొఫన్‌ను ముక్కలు చేసి చదవండి

ఈ మెట్టు దగ్గర తొందరపడకండి, పని సగం ఇక్కడే తేలిపోతుంది.

ముందు ఊరు. లాటిన్‌లో ఊరి పేరు మారిపోతుంది. వెనేటీస్ అంటే వెనిస్, ఫ్లోరెన్షియే ఫ్లోరెన్స్, మెడియొలానీ మిలాన్, బొనోనియే బొలోన్యా, పటావీ పాడువా, పాపియే పవీయా, బ్రిక్సియే బ్రెషా. లుగ్డూనీ అని ఉంటే ఆగండి, అది ఫ్రాన్స్‌లోని లియోన్. అచ్చం ఇటాలియన్‌లా కనిపించే పుస్తకాలు అక్కడా చాలానే తయారయ్యాయి.

తర్వాత మనుషులు. పేరు ముందున్న మాట చాలా ముఖ్యం. ‘పెర్’ అంటే అతని చేత, అంటే అచ్చువేసినవాడు. ‘ఇంపెన్సిస్’, ‘ఎక్స్‌పెన్సిస్’, ‘సుంప్టిబుస్’ అంటే అతని ఖర్చుతో, అంటే డబ్బు పెట్టినవాడు. ‘మాండాటో’ అంటే అతని ఆజ్ఞతో. ఇటాలియన్‌లో ‘అద్ ఇస్తాంజా ది’ అన్నా దాదాపు అదే, ఫలానావారు కోరగా అని. ‘ఆపుద్’, ‘అప్రెస్సో’ అంటే ఫలానావారి దగ్గర. ‘ఇన్ ఎడిబుస్’ అంటే ఫలానావారి ఇంట్లో. ‘హెరెడెస్’ కనిపిస్తే వారసులు, అంటే అసలు మనిషి అప్పటికే పోయాడు.

ఇప్పుడు ఒక నిజమైన కొలొఫన్ వరస చూడండి. 1480ల చివర, 1490లలో వచ్చిన ఎన్నో వెనిస్ పుస్తకాల్లో ఇది కొద్ది తేడాలతో ఉంటుంది: వెనిస్‌లో, మోంజా పౌరుడూ గౌరవనీయుడూ అయిన ఒక్టావియానుస్ స్కోటుస్ ఆజ్ఞతో, ఖర్చుతో, బెర్గమో వాడైన బొనేటుస్ లొకాటెల్లుస్ చేత. దాని కింద నల్ల చతురస్రంలో వృత్తం, శిలువ, ‘ఓ’, ‘ఎస్’, ‘ఎం’ అనే మూడు అక్షరాలు. అంటే ఒక్టావియానుస్ స్కోటుస్ మొడొయెటియెన్సిస్, మోంజా వాడైన స్కోటో.

గుర్తు స్కోటోది. అచ్చువేసింది లొకటెల్లి. స్కోటో మొదట తానే అచ్చువేసేవాడు, తర్వాత పెట్టుబడి మాత్రం పెట్టి వేరేవాళ్ల చేత పని చేయించాడు. నేను కొత్తలో ఇలాంటి ఒక పుస్తకానికి ‘ముద్రణ: స్కోటో’ అని దర్జాగా రాసుకున్నాను. బొమ్మకు పై వరసలోనే లొకటెల్లి పేరు కనిపిస్తూనే ఉంది. కళ్లు బొమ్మ మీదికి వెళ్లిపోయాయి, అంతే.

కాబట్టి గుర్తు అంటే అచ్చువేసినవాడిది అని ముందే అనుకోకండి. డబ్బు పెట్టిన ప్రచురణకర్తది కావడం చాలా మామూలు. వెనిస్ ప్రచురణకర్త లూకాంటోనియో జుంటా కథా అంతే. 1490లో ఆయన కోసం ఇటాలియన్ బైబిల్‌ను అచ్చువేసింది జొవాన్ని రగాజ్జో.

పేరే లేకపోతే? ‘అల్ సెన్యో’ అనే మాట కోసం చూడండి. ఫలానా గుర్తు ఉన్న దుకాణంలో అని దానర్థం. ‘అల్ సెన్యో దెల్ పొజ్జో’ అంటే బావి గుర్తు దగ్గర, అది వెనిస్‌లో ఆండ్రియా అర్రివబేనే దుకాణం.

4. సంవత్సరాన్ని ఉన్నది ఉన్నట్టు నమ్మకండి

రోమన్ అంకెల్లో మొదటి ఉచ్చు కూడికలు, తీసివేతలు. నలభైని ఎక్స్ ఎల్ అని కాకుండా నాలుగు ఎక్స్‌లు పెట్టి రాస్తారు. ఆల్డస్ 1499 డిసెంబరులో తెచ్చిన ప్రసిద్ధ బొమ్మల పుస్తకం ‘హిప్నెరొటొమాకియా’ కొలొఫన్‌లో ఏడాది ‘ఎం ఐ డి’ అని మూడే అక్షరాలు. వెయ్యి, ఆ తర్వాత అయిదువందలకు ఒకటి తక్కువ. దాన్ని 1501గా చదివితే తర్వాతి మెట్లన్నీ తప్పుతాయి.

రెండో ఉచ్చు కొత్త సంవత్సరం. వెనిస్ పద్ధతిలో ఏడాది మార్చి 1న మొదలయ్యేది, ఫ్లోరెన్స్‌లో మార్చి 25న. అందువల్ల వెనిస్ కొలొఫన్‌లో 1501 జనవరి అని ఉంటే మన లెక్కలో అది 1502 జనవరి కావచ్చు. అందరూ ఈ పద్ధతే పాటించలేదు, కాబట్టి జనవరి, ఫిబ్రవరి తేదీలు కనిపిస్తే రెండు ఏళ్లూ రాసి పెట్టుకోండి.

5. బొమ్మను మాటల్లో రాయండి

డేటాబేస్‌లో వెతకాలంటే బొమ్మకు మాటలు కావాలి. ఈ వరసలో రాయండి: చట్రం ఉందా, తెలుపు మీద నలుపా, నలుపు మీద తెలుపా, ముఖ్యమైన వస్తువు, అది ఎటు తిరిగి ఉంది, అక్షరాలు, నినాదం, ఎరుపు రంగు ఉందా.

అక్షరాల దగ్గర జాగ్రత్త. ‘యు’ స్థానంలో ‘వి’, ‘జె’ స్థానంలో ‘ఐ’ ఉంటాయి. పైగా లాటిన్ రూపం పేరులోని మొదటి అక్షరం వేరు కావచ్చు. జుంటా పేరు ‘ఐ’తోనూ కనిపిస్తుంది, ‘జి’తోనూ కనిపిస్తుంది.

తరచుగా ఎదురయ్యేవి కొన్ని: నోట ఎలుకను కరుచుకున్న పిల్లి వెనిస్ సెస్సా కుటుంబానిది (నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే). మంటల్లోంచి లేస్తున్న ఫీనిక్స్, ‘జి జి ఎఫ్’ అక్షరాలతో ఉంటే గాబ్రియేలే జొలీటో. లిల్లీ పువ్వు జుంటాలది. ‘టి’ ఆకారపు శిలువకు చుట్టుకున్న పాము విన్చెంజో వల్గ్రీసిది. సింహం, ఎలుగుబంటి ఎదురెదురుగా నిలబడి ఉంటే సంగీత పుస్తకాలు వేసిన ఆంటోనియో గార్డానోది. కాలం అనే ముసలాయన సత్యం అనే స్త్రీని పైకి లాగుతుంటే ఫ్రాంచెస్కో మార్కొలీనిది.

ఈ జాబితా చూసి వెంటనే పేరు రాసేయకండి. లిల్లీనే తీసుకోండి. లూకాంటోనియో వెనిస్‌లో, ఫిలిప్పో ఫ్లోరెన్స్‌లో, యాకోపో లియోన్‌లో, అందరూ జుంటాలే. పువ్వు వంశం పేరు చెబుతుంది, ఏ జుంటాయో చెప్పదు. దానికి ఊరు, ఏడాది, పక్కనున్న అక్షరాలు కావాలి.

ఇక మొదట చెప్పిన వృత్తం–శిలువ. దాన్ని చూడగానే వెనిస్ ముద్రాపకుడు నికొలస్ జెన్సన్ అని రాసేయడం అలవాటైపోయింది. జెన్సన్ 1480లో చనిపోయాడు. ఆ గుర్తు కనిపించేది 1481 నుంచి, ఆయన పేరూ కొలోన్ జాన్ పేరూ పెట్టుకుని నడిచిన కంపెనీ పుస్తకాల్లో. 1470లలో జెన్సన్ స్వయంగా వేసిన పుస్తకంలో అది ఉండదు. లోపల ‘ఎ టి’ ఉంటే ఆండ్రియా తొర్రెసాని. అమెరికా కంపెనీ నబిస్కో బిస్కట్ల పాకెట్ మీది గుర్తూ ఈ వృత్తం–శిలువ కోవలోదే, ఆ కంపెనీవాళ్లు పాత ఇటాలియన్ అచ్చుగుర్తు చూసే దాన్ని ఎంచుకున్నారు.

6. డేటాబేస్‌లో వెతకండి

1500 దాకా అయితే బ్రిటిష్ లైబ్రరీ మొదలుపెట్టిన ఐ.ఎస్.టి.సి. అనే జాబితా. 1501 నుంచి 1600 దాకా అయితే ఇటలీ ప్రభుత్వ సంస్థ నడిపే ‘ఎడిట్16’. రెండోదాంట్లో గుర్తుల కోసం విడిగా వెతికే చోటు ఉంది, బొమ్మలోని వస్తువుతో, నినాదంతో వెతకవచ్చు. మాటలు ఇటాలియన్‌లో ఇవ్వాలి: పిల్లికి ‘గత్తో’, లంగరుకు ‘ఆంకొరా’, లిల్లీకి ‘జిల్యో’, గద్దకు ‘ఆక్విలా’. బార్సిలోనా విశ్వవిద్యాలయం లైబ్రరీ కూడా ముద్రాపకుల గుర్తుల బొమ్మలు ఆన్‌లైన్‌లో పెట్టింది, అది ఇటలీకే పరిమితం కాదు. వీటన్నిటికీ డబ్బు కట్టనక్కర్లేదు.

ఫోటోతో గూగుల్‌లో వెతకడం గురించి చాలామంది అడుగుతారు. చేయండి, తప్పు లేదు. కానీ అది ‘ఇలాంటిది’ చూపిస్తుంది. మనకు కావలసింది ‘ఇదే’.

7. కొలవండి, పోల్చండి

బయటి చట్రం అంచు నుంచి అంచుకు, ముందు ఎత్తు, తర్వాత వెడల్పు, మిల్లీమీటర్లలో. చట్రం లేకపోతే బొమ్మ పై కొస నుంచి కింది కొస దాకా. తడి కాగితం మీద అచ్చువేసేవారు, ఆరాక అది కుంచించుకుపోతుంది. కాబట్టి ఒకే చెక్క దిమ్మతో వేసిన రెండు ప్రతుల్లో ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా రావచ్చు. అయిదారు వస్తే వేరే దిమ్మ అనుకోండి. స్కాన్‌లో అయితే పక్కన స్కేలు పెట్టి తీసిన ఫ్రేమ్ ఉందేమో చూడండి. లేకపోతే కొలత రాయకండి, ఎత్తు–వెడల్పు నిష్పత్తి మాత్రం రాయండి.

తర్వాత దెబ్బలు చూడండి. చెక్క దిమ్మ వాడేకొద్దీ చట్రం మూల విరుగుతుంది, నిలువునా పగులు వస్తుంది, పురుగు తొలిచిన చోట గుండ్రటి తెల్ల చుక్క పడుతుంది. ఈ దెబ్బలు పెరుగుతాయి కానీ తగ్గవు. తేదీ ఉన్న పుస్తకంలో మూల బాగుండి, మీ తేదీ లేని పుస్తకంలో విరిగి ఉంటే మీది తర్వాతది. అయితే ఆ రెండూ ఒకే దిమ్మ అని ముందు తేలాలి.

బొమ్మ అంతా అదే, కానీ ఎడమ కుడి తారుమారైందా? అచ్చైన బొమ్మను చూసి అలాగే చెక్క మీద చెక్కితే అచ్చులో అది తిరగబడి వస్తుంది. కాపీ కొట్టినవాడు తరచుగా దొరికిపోయేది ఇక్కడే. కానీ ముందు మీ స్కానే తిరగబడలేదని చూసుకోండి, పక్కనున్న అక్షరాలు సరిగ్గా చదవగలిగితే చాలు.

8. డాల్ఫిన్, లంగరు అయితే ఇంకో గంట ఆగండి

ఎక్కువమంది ఆశపడేదీ ఎక్కువమంది మోసపోయేదీ ఈ గుర్తుతోనే. ఆల్డస్ మనూషియస్ వెనిస్‌లో అచ్చు మొదలుపెట్టింది 1490ల మధ్యలో, ఈ గుర్తు పెట్టుకుంది 1502లో. 1501 ఏప్రిల్‌లో వాలు అక్షరాలతో వచ్చిన ఆయన చిన్న వర్జిల్ పుస్తకంలో లంగరు లేదు. అంతకుముందు తేదీ వేసి లంగరు కూడా ఉన్న పుస్తకం ఎవరైనా అమ్మచూపితే జేబు గట్టిగా పట్టుకోండి.

ఆల్డస్ పుస్తకాలకు లియోన్‌లో వచ్చిన నకిలీలు ఆయన వాలు అక్షరాలనూ చిన్న సైజునూ కాపీ కొట్టాయి, లంగరు మాత్రం పెట్టలేదు. 1503 మార్చి 16న ఆల్డస్ ఒక హెచ్చరిక అచ్చువేసి వాటిలోని తప్పులు వరసగా చూపించాడు. కాగితం నాసిరకం, అదో వాసన వేస్తుంది అని కూడా రాశాడు. లియోన్‌వాళ్లు ఆ జాబితా చూసుకునే తమ తర్వాతి అచ్చుల్లో తప్పులు దిద్దుకున్నారట!

ఫ్లోరెన్స్ నకిలీలు ఇంకో రకం, అవి లంగరునే దొంగిలించాయి. ఆల్డస్ 1515లో పోయాక, 1518లో ఆ ప్రెస్సు తెచ్చిన లివీ పుస్తకం ముందుమాటలో ఆయన బావమరిది ఫ్రాంచెస్కో తొర్రెసాని తేడా ఎక్కడుందో రాశాడు: నకిలీలో డాల్ఫిన్ ముట్టె ఎడమకు తిరిగి ఉంటుంది, మాది పూర్తిగా కుడికి. ఎవరి ఎడమ, ఎవరి కుడి అని తల బద్దలు కొట్టుకోకండి. పెద్ద లైబ్రరీవాళ్లు పెట్టిన, 1502–1515 మధ్య తేదీ, కొలొఫన్ రెండూ ఉన్న ఆల్డస్ పుస్తకం స్కాన్ తెరిచి మీ బొమ్మ పక్కన పెట్టండి. ముట్టె, తోక, లంగరు పై రింగు, ‘ఎ ఎల్’ ఒకవైపు ‘డి వి ఎస్’ ఇంకోవైపు ఉండటం, ఈ నాలుగూ చూడండి.

ఆ పరీక్ష నెగ్గినా అది పెద్ద ఆల్డస్‌దే కాకపోవచ్చు. కొడుకు పౌలో, మనవడు చిన్న ఆల్డస్ కూడా లంగరునే కొనసాగించారు, చట్రాలు మారాయి. 19వ శతాబ్దంలో లండన్‌లో విలియం పికరింగ్ కూడా గౌరవంతో అదే పెట్టుకున్నాడు. కాగితం మరీ తెల్లగా, నున్నగా ఉంటే అటువైపు కూడా ఆలోచించండి.

9. కొలొఫన్ ఆకు పోయి ఉంటే

చివరి ఆకు ఊడిపోవడం చాలా మామూలు. అప్పుడు గుర్తు ముఖపత్రం మీద మిగిలి ఉన్నా దాని ఒక్కదాని మీదే ఆధారపడవద్దు. రచయిత పేరుతో, పుస్తకం పేరుతో డేటాబేస్‌లో వెతికి, ఆ గుర్తు వాడిన కుటుంబం వేసిన ముద్రణలన్నీ తీయండి. ఒక్కోదాని స్కాన్ తెరిచి పదో పేజీ, ముప్ఫయ్యో పేజీ, వందో పేజీలో వరసలు ఎక్కడ విరిగాయో పోల్చండి. మూడు చోట్లా వరసకు వరస సరిపోతే అదే ముద్రణ అనడానికి బలం వస్తుంది.

బలం అంటున్నాను కానీ రుజువు అనడం లేదు. ఫ్లోరెన్స్ జుంటా వారసులు 1527లో వేసిన ‘డెకామెరాన్’ కథల పుస్తకాన్ని 1729లో వెనిస్‌లో అచ్చంగా అలాగే మళ్లీ వేశారు. పేజీలు, తేదీ అన్నీ పాతవే పెట్టారు. అలాంటి చోట కాగితం, అక్షరాల నలుగుడు చూడగలిగినవాళ్లకు అసలు పుస్తకాన్నే చూపించాలి.

10. ఫలితం రాసేటప్పుడు

ఒక్క పేరు రాసి వదలకండి. నేను ఇలా రాస్తాను: "గుర్తు: వృత్తం–శిలువ, నలుపు మీద తెలుపు, ఓ ఎస్ ఎం, చివరి పేజీలో, రెజిస్ట్రుం కింద. ప్రచురణ: స్కోటో (గుర్తు, కొలొఫన్ రెండూ). ముద్రణ: లొకటెల్లి (కొలొఫన్). కొలత: స్కాన్‌లో స్కేలు లేదు." ఏ సంగతి ఎక్కడి నుంచి వచ్చిందో పక్కనే ఉంటే, రేపు మీరు తప్పని తేలినా ఎక్కడ తప్పారో వెంటనే దొరుకుతుంది.

పేరు, ఊరు, ఏడాది మూడూ గుర్తుతో సరిపోతే ‘ఖాయం’ అని రాయండి. రెండే సరిపోతే ‘బహుశా’. బొమ్మ ఒక్కటే ఉంటే ‘ఈ కుటుంబం గుర్తులా ఉంది’ అని ఆపేయండి.

ఇన్ని చేసినా తేలకపోతే నాకు పంపండి, చూస్తాను. కానీ గుర్తు ఒక్కదాన్నే క్రాప్ చేసి పంపకండి. గుర్తున్న పేజీ మొత్తం, పక్కన స్కేలుతో. చివరి రెండు పేజీలు. మధ్యలో ఏదో ఒక పేజీ. ఫ్లాష్ వేయకుండా, కిటికీ వెలుతురులో తీయండి.